ఆటోమేటిక్ టూర్‌బియాన్: రెండూ బ్రెగే చేతిలో ఉన్నవే, కలవడానికి 1986 దాకా ఎందుకు పట్టింది?

కృష్ణలంక శేఖర్ (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఇది. చేతి కదలికతో తనంతట తానే కీ ఎక్కే వాచీని, అంటే ఆటోమేటిక్‌ని, ఆనాటి వాచీ పనివాడు బ్రెగే 1780 ప్రాంతంలోనే చేశాడు. దాన్ని 'పెర్పెచ్యుయెల్' అనేవాడు. అదే మనిషి టూర్‌బియాన్‌కి (వాచీ నడకని నియంత్రించే చక్రాన్ని తిరిగే పంజరంలో పెట్టే ఏర్పాటు) పేటెంటు తీసుకున్నది 1801 జూన్ 26న, పారిస్‌లో. అంటే రెండు విద్యలూ ఒకే పనివాడి బల్ల మీద ఉన్నాయి. కానీ ఆటోమేటిక్ టూర్‌బియాన్ చేతి వాచీ మార్కెట్లోకి వచ్చింది 1986లో. తెచ్చింది స్విస్ కంపెనీ ఓడెమార్ పిగే, కాలిబర్ (వాచీ లోపలి మెషీన్) 2870. మధ్యలో 185 ఏళ్లు!

ఇంతకాలం ఎవరికీ తోచలేదంటే నేను నమ్మను. చేతకాలేదా, అవసరం పడలేదా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. కంపెనీ వెబ్‌సైట్లలో ఉండే పొగడ్తలు వద్దు, లోపల ఏం జరుగుతుందో కావాలి.

మెకానికల్ మూర్తి (శనివారం, రాత్రి 10:25)

మంచి ప్రశ్న వేశారు శేఖర్ గారూ. ముందు టూర్‌బియాన్ పని ఏమిటో చెప్పుకుందాం, కథ అంతా అక్కడే మొదలవుతుంది.

జేబు వాచీ కోటు జేబులో రోజంతా నిలువుగా ఉంటుంది. అటూ ఇటూ ఊగి టైము కొలిచే బ్యాలెన్స్ చక్రం బరువు ఒక పక్కకి రవ్వంత ఎక్కువైనా, దాన్ని ఊపే సన్నని హెయిర్ స్ప్రింగు కొంచెం పక్కకి ఊగినా, భూమ్యాకర్షణ ఆ ఒక్క వైపే లాగుతుంది. వాచీ ముందుకో వెనక్కో పోతుంది. బ్రెగే ఏం చేశాడంటే బ్యాలెన్స్‌నీ, చక్రాలని ఒక్కో పన్ను చొప్పున వదిలే ఎస్కేప్‌మెంట్‌నీ కలిపి ఒక పంజరంలో పెట్టి, ఆ పంజరాన్నే తిప్పాడు. నిమిషానికి ఒక చుట్టు. ఒక దిక్కున పోయిన క్షణాలు ఎదురు దిక్కున తిరిగొస్తాయి. తప్పు పోదు, సగటు అవుతుంది. వాచీని బల్ల మీద వెల్లకిలా పడుకోబెడితే టూర్‌బియాన్ చేసే మేలేమీ లేదు. ఇది చాలామంది మరిచిపోయే సంగతి.

ఇప్పుడు ఖర్చు చూడండి. మామూలు వాచీలో సెకన్ల చక్రం తిరుగుతుంది. టూర్‌బియాన్‌లో ఆ చక్రాన్ని ప్లేటుకి (మెషీన్ అంతా కూర్చునే అడుగు పలకకి) బిగించేస్తారు. థర్డ్ వీల్ పంజరాన్ని తోస్తుంది, ఎస్కేప్ చక్రం పినియన్ (చిన్న పళ్ల చక్రం) ఆ కదలని చక్రం పళ్ల మీద చుట్టూ దొర్లుతుంది. గంటకు 21,600 సార్లు కొట్టే వాచీ అయితే ఆ పంజరం మొత్తం సెకనుకు ఆరు సార్లు ఆగి ఆరు సార్లు కదలాలి. ఆగిన బరువుని మళ్లీ కదిలించే శక్తి అంతా వాచీని నడిపే మెయిన్ స్ప్రింగే ఇచ్చుకోవాలి. అందుకే పంజరం బరువు మిల్లీగ్రాముల్లో తగ్గినా లాభమే.

కాబట్టి బలమైన స్ప్రింగు కావాలి. ఆ బలమైన స్ప్రింగుకి చేతి ఊపుతో కీ ఎక్కించాలంటే బరువైన రోటరు (చెయ్యి కదిలితే తిరిగే బరువు) కావాలి. బరువైన రోటరుకి చోటు కావాలి. పంజరమే మామూలు బ్యాలెన్స్ కంటే ఎత్తు. చేతి వాచీలో ఆ చోటు ఎక్కడిది?

వాచీల రామారావు (ఆదివారం, ఉదయం 7:10)

మూర్తి గారు చెప్పినదానికి బల్ల మీద నుంచి ఒక మాట చేరుస్తాను. నేను గుంటూర్లో వాచీలు రిపేరు చేస్తాను. టూర్‌బియాన్ ఎప్పుడూ నా బల్ల మీదకి రాలేదు, ఆటోమేటిక్‌లు మాత్రం లెక్కలేనన్ని విప్పాను.

కీ ఇచ్చే వాచీలో మెయిన్ స్ప్రింగు బయటి కొస బ్యారెల్ (స్ప్రింగు కూర్చునే డబ్బా) గోడకి కొక్కెంతో పట్టుకుని ఉంటుంది. నిండాక కీ తిరగదు, మన వేలికే తెలుస్తుంది. ఆటోమేటిక్‌లో ఆ కొక్కెం ఉండకూడదు. చెయ్యి ఊగుతూనే ఉంటుంది కదా, ఎక్కడో ఒకచోట తెగిపోతుంది. అందుకని చివర గట్టి పట్టీ ఒకటి అతికి, నిండాక అది గోడ మీద జారేలా చేస్తారు. ఆ గోడకి రాసే గ్రీజు వేరు, జారాలి కానీ తొందరగా జారకూడదు. బ్యారెల్ మూత తీసి ఐగ్లాస్ పెట్టి చూస్తే, ఏళ్ల తరబడి సర్వీసు చెయ్యని వాచీలో ఆ గోడ చుట్టూ నల్లటి పొడి వలయంలా కనిపిస్తుంది. గ్రీజు ఎండి, ఇత్తడి అరిగి కలిసిపోయిన పొడి అది. అలాంటి వాచీ స్ప్రింగు సగం నిండకుండానే జారిపోతుంది. పగలంతా పెట్టుకున్నా తెల్లారేసరికి ఆగిపోతుంది. 'రోటరు పాడైంది' అని తెస్తారు, రోటరుకి ఏ రోగమూ ఉండదు.

ఆటోమేటిక్‌లో నాకు నచ్చేది ఏంటంటే, రోజూ పెట్టుకునేవాడి చేతి మీద స్ప్రింగు ఎప్పుడూ పై అంచున ఉంటుంది. బలం ఒకే తీరుగా వస్తుంది, బ్యాలెన్స్ ఊపు తగ్గదు. టూర్‌బియాన్ లాంటి ఆకలిగొన్న యంత్రానికి అంతకంటే కావలసింది ఏముంది? నా మటుకు ఇది అలంకారం కాదు, సబబైన జోడీ.

టైమ్‌గ్రాఫర్ తేజ (ఆదివారం, ఉదయం 8:05)

రామారావు గారూ, మీ పోస్టు దాచుకుంటున్నాను.

శేఖర్ అడిగిన 'అవసరం పడలేదా' అన్నదానికి నా జవాబు: అవును, పడలేదు. ఈ రెండు విద్యలు కోరుకున్న మనుషులే వేరు. ఆటోమేటిక్ జేబులో పెద్దగా నిలబడలేదు, జేబులో ఉన్న వాచీ ఎంత కదులుతుంది? వాచీ మణికట్టు మీదకి వచ్చాకే దానికి రోజులు వచ్చాయి. 1923లో జాన్ హార్వుడ్ అనే ఇంగ్లీషాయన చేతి వాచీకి ఆటోమేటిక్ పేటెంటు వేశాడు, 1931లో రోలెక్స్ పూర్తి చుట్టు తిరిగే రోటరు తెచ్చింది. అది జనం సౌకర్యం కోసం పుట్టిన సరుకు.

టూర్‌బియాన్ దారి పోటీల వైపు. నూషటెల్, జెనీవా, లండన్ దగ్గరి క్యూ అబ్జర్వేటరీల్లో (ఖగోళ పరిశోధనశాలల్లో) వాచీల కచ్చితత్వానికి పరీక్షలు జరిగేవి. ఒమేగా 1947లో 30ఐ అని చేతి వాచీ సైజు టూర్‌బియాన్‌లు డజను చేసింది. పంజరం ఏడున్నర నిమిషాలకి ఒక చుట్టు తిరిగేది, నిమిషానికి కాదు. పటెక్ ఫిలిప్ కూడా ఆ రోజుల్లో పోటీల కోసమే చేసింది. అవి దుకాణంలో అమ్మడానికి చేసినవి కావు. పరీక్ష రోజు మనిషే కీ ఇస్తాడు, ఆటోమేటిక్‌తో పనేముంది? పైగా రోటరు పెడితే ఇంకో గొడవ నెత్తికెత్తుకోవడమే.

కాబట్టి 1969 దాకా ఎవరూ వీటిని కలపకపోవడంలో వింత లేదు. ఆ డిసెంబరు 25న సీకో ఆస్ట్రాన్ వచ్చింది, క్వార్ట్జ్, అంటే బ్యాటరీతో నడిచే వాచీ. టైము కచ్చితంగా చూపడం అన్న పందెం అక్కడితో ముగిసింది.

శ్రీవల్లి జెనీవా (ఆదివారం, మధ్యాహ్నం 2:30)

పందెం ముగిసింది కాబట్టే 2870 పుట్టింది తేజా. నేను ఇక్కడ జెనీవాలో ఉంటాను, ఈ కథ వినని వారం ఉండదు. క్వార్ట్జ్ దెబ్బకి స్విట్జర్లాండ్‌లో ఊళ్లకి ఊళ్లు పని పోగొట్టుకున్నాయి. జ్యూరా కొండల్లో వాలే ద జూ లోయ, అక్కడ ల బ్రాస్యూ అనే చిన్న ఊళ్లో ఓడెమార్ పిగే. యంత్రపు వాచీ ఇక ఎందుకు కొనాలి అన్న ప్రశ్నకి వాళ్లు ఏదో ఒక జవాబు చెప్పి తీరాల్సిన రోజులవి. 'మిగతావాళ్లు చెయ్యలేనిది చేస్తాం, అది డయల్ మీదే కనిపిస్తుంది' అన్నదే ఆ జవాబు.

కాలిబర్ రూపకర్తలు మోరిస్ గ్రిమ్, ఆంద్రే బెయ్నర్. అంతకు ముందు 1979లో డెలీరియం అనే అతి పల్చని క్వార్ట్జ్ వాచీ వెనకా వీళ్లే ఉన్నారు. అందులో కేస్ అడుగు భాగమే వాచీ ప్లేటు. క్వార్ట్జ్ యుద్ధంలో నేర్చిన ఆ యుక్తినే యంత్రపు వాచీలోకి తెచ్చారు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన మలుపు ఇదే.

ఒకసారి ఇక్కడ వేలానికి ముందు జరిగే ప్రదర్శనలో 25643ని (2870 ఉండే మోడల్ నంబరు) చేతిలోకి తీసుకునే అవకాశం వచ్చింది. గుండ్రంగా ఉండదు, పలకలాగా, మూలలు కాస్త ఒంపుగా. పక్కన కీ బొడిపె లేదు! వెనక్కి తిప్పితే అక్కడ, కేసుకి సమంగా, గోటితో తిప్పాల్సిన బిళ్ల. డయల్ మీద ఎడమవైపు పైన, పదకొండు గంటల దగ్గర చిన్న కిటికీలో పంజరం తిరుగుతూ ఉంటుంది. ఆ కిటికీ చుట్టూ సూర్యకిరణాలు చెక్కి ఉన్నాయి, ఈజిప్టు సూర్యదేవుడి బొమ్మల్లోలాగా. ఆ డయల్ గీసింది జాక్లిన్ డిమియే. ఓడెమార్ పిగే వారి ఆడవాళ్ల రాయల్ ఓక్ వాచీ గీసిన డిజైనరు కూడా ఆమే. ఆరు గంటల దగ్గర నెలవంకలాంటి చీలిక. వాచీని కొంచెం వంచితే ఆ చీలికలో లోపలి బరువు ఊయలలా అటూ ఇటూ పోతుంది. చేతికి చిన్న తాకిడి తెలుస్తుంది.

కృష్ణలంక శేఖర్ (ఆదివారం, సాయంత్రం 4:15)

శ్రీవల్లి గారూ, ఆ తాకిడి ఏమిటి? రోటరు గుండ్రంగా తిరగదా?

మెకానికల్ మూర్తి (ఆదివారం, సాయంత్రం 5:00)

తిరగదు. అది హార్వుడ్ నాటి పాత పద్ధతి, సుత్తి. బరువు కొంత చాపం మేర ఊగి, రెండు చివర్లా ఉన్న స్ప్రింగుకి కొట్టుకుని వెనక్కి వస్తుంది. 1986లో, రోలెక్స్ రోటరు వచ్చిన యాభై ఏళ్ల తరవాత మళ్లీ సుత్తి ఎందుకు వాడారు అంటే, మందం. మధ్యలో కూర్చునే రోటరు చక్రాల పైన ఇంకో అంతస్తు అవుతుంది. సుత్తి అయితే చక్రాల పక్కనే, అదే అంతస్తులో ఒదుగుతుంది. చాపం చిన్నది కాబట్టి బరువు ఎక్కువ ఉండాలి, అందుకే ప్లాటినం-ఇరిడియం మిశ్రమం పెట్టారు.

పంజరం చూడండి: వ్యాసం 7.2 మి.మీ., మందం 2.5 మి.మీ. టైటానియంతో చేశారు. టూర్‌బియాన్ పంజరానికి టైటానియం వాడడం అదే మొదలు. ఉక్కులో సగం పైచిలుకు బరువే ఉంటుంది, నేను మొదటి పోస్టులో రాసిన ఆగి-కదిలే ఖర్చు తగ్గుతుంది. కానీ టైటానియాన్ని అంత చిన్న కొలతల్లో కోయడం నరకం. పనిముట్టుకి అంటుకుపోతుంది, వేడెక్కుతుంది. ఆ రోజుల్లో ఆ సాహసం చేసినవాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి.

వాచీ మొత్తం మందం 5 మి.మీ. దగ్గర్లో ఉంటుంది. మనం రోజూ పెట్టుకునే ఆటోమేటిక్‌లు పది, పన్నెండు మి.మీ. ఉంటాయి, టూర్‌బియాన్ ఏమీ లేకుండానే.

వాచీల రామారావు (ఆదివారం, రాత్రి 8:20)

కేసే ప్లేటు అన్నారు కదా, రిపేరు చేసేవాడి కంటితో ఆలోచించండి. మామూలు వాచీలో మెషీన్ విడిగా బయటికి వస్తుంది. హోల్డర్లో పెట్టుకుని నాలుగు వైపులా చూస్తాం. కేసుకి సొట్ట పడితే కేసు మారుస్తాం, మెషీన్ క్షేమం. ఇక్కడ జ్యువెల్స్ (ఇరుసులు తిరిగే రాళ్లు) కూర్చున్నదే కేసు అడుగులో. ఆ అడుగు మీద దెబ్బ తగిలితే, పివట్‌ల (ఇరుసు కొనల) మధ్య ఉండాల్సిన వెంట్రుకవాసి సందు పోతుంది. అప్పుడు ఏ చక్రమూ సరిగ్గా తిరగదు. చెమట, దుమ్ము కూడా మెషీన్‌కి ఒక్క గోడ దూరంలోనే ఉంటాయి. పల్చదనానికి కట్టిన వెల ఇది. చేసినవాడికి తెలియక కాదు, తెలిసే ఒప్పుకున్నాడు.

టైమ్‌గ్రాఫర్ తేజ (సోమవారం, ఉదయం 6:50)

ఇందాక నేను క్వార్ట్జ్‌తో పందెం ముగిసిందన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. పైగా మణికట్టు మీద వాచీ నిలువుగా ఎంతసేపు ఉంటుంది? కూరలు తరుగుతుంటే ఒకలా, కంప్యూటరు ముందు ఒకలా, నిద్రలో ఇంకోలా. చెయ్యే ఒక టూర్‌బియాన్. బ్రెగే పరిష్కరించిన సమస్య ఇక్కడ సగం లేదు. మరి ఆటోమేటిక్ టూర్‌బియాన్‌ని ఇంజనీరింగ్ అని ఎందుకు మెచ్చుకోవాలి? శిల్పంలా మెచ్చుకుందాం, నాకేమీ అభ్యంతరం లేదు.

మెకానికల్ మూర్తి (సోమవారం, ఉదయం 9:30)

సగం ఒప్పుకుంటాను తేజా. మిగతా సగానికి ఒక సాక్ష్యం ఉంది. 2009లో స్విట్జర్లాండ్‌లోని ల లోకల్‌లో వాచీల కచ్చితత్వ పోటీని మళ్లీ మొదలుపెట్టారు, అబ్జర్వేటరీ పోటీలు ఆగిపోయిన దశాబ్దాల తరవాత. మొదటి స్థానం జెజెర్ లకూల్ట్ర కాలిబర్ 978కి, వెయ్యికి 909 మార్కులు. రెండోది అదే కంపెనీ వారి జైరోటూర్‌బియాన్, 908. ఆ 978 ఏమిటనుకున్నారు? ఆటోమేటిక్ టూర్‌బియాన్!

టూర్‌బియాన్ వల్లే గెలిచిందని నేను వాదించను. గంటకు 28,800 కొట్టే పెద్ద బ్యాలెన్స్, జాగ్రత్తగా చేసిన ఎడ్జస్ట్‌మెంటు, అన్నీ కలిసి గెలిచాయి. కానీ 'టూర్‌బియాన్ ఉంటే కచ్చితత్వం పాడవుతుంది, అది షోకు వస్తువు' అనేవాళ్లకి ఈ ఫలితం గట్టి జవాబు. చెడ్డ టూర్‌బియాన్ మంచి మామూలు వాచీ కంటే ఎప్పుడూ హీనమే. మంచి టూర్‌బియాన్ మాత్రం పోటీకి నిలుస్తుంది.

టైమ్‌గ్రాఫర్ తేజ (సోమవారం, ఉదయం 9:55)

ఇది బలమైన ఉదాహరణ. సరే మూర్తి గారూ, 978 విషయంలో మీదే పైచేయి. మణికట్టు మీద అవసరం సంగతిలో మాత్రం నా మాట నాదే.

హసీనా వరంగల్ (సోమవారం, మధ్యాహ్నం 1:10)

మౌనంగా చదువుతున్నాను, చాలా నేర్చుకున్నాను. 1986 తరవాత ఏమైంది? అందరూ సుత్తే వాడారా? మన దేశంలో ఎవరైనా టూర్‌బియాన్ చేశారా?

శ్రీవల్లి జెనీవా (సోమవారం, సాయంత్రం 6:40)

హసీనా గారూ, ఓడెమార్ పిగే కొన్నాళ్లు సుత్తినే నమ్ముకుంది. మిగతావాళ్ల గొడవంతా ఒకటే: బరువుని ఎక్కడ దాచాలి?

జిరార్ పెరెగో కంపెనీకి మూడు బంగారు వంతెనల (చక్రాలని పైనుంచి పట్టి ఉంచే పట్టీల) టూర్‌బియాన్ వంశపారంపర్య ఆస్తి లాంటిది, 1889 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం తెచ్చింది. 1991లో దాన్ని చేతి వాచీగా తెచ్చారు. తరవాత ఆటోమేటిక్ చేయాలనుకున్నప్పుడు పెద్ద రోటరు పెడితే ఆ వంతెనల అందం పోతుంది. అందుకని ప్లాటినం మైక్రో రోటరుని (చిన్న రోటరుని) బ్యారెల్ కిందికి తోసేశారు. ముందు నుంచి చూసేవాడికి ఆటోమేటిక్ అని కూడా తెలీదు. నాకు అన్నిటిలోకీ ఇదే తెలివైన పరిష్కారం అనిపిస్తుంది.

ఇంకో దారి, రోటరుని మెషీన్ చుట్టూ అంచున వలయంలా తిప్పడం. ఆ ఆలోచన 1950ల నాటిదే, టూర్‌బియాన్‌కి మాత్రం ఇటీవల బాగా కలిసొచ్చింది. 2013లో బ్రెగే 5377: మెషీన్ 3 మి.మీ., వాచీ 7 మి.మీ., అయినా 90 గంటలు నడుస్తుంది. 2018లో వషెరాన్ కాన్‌స్టాంటిన్ 2160 కాలిబర్ కూడా అదే దారి పట్టింది. అదే ఏడాది బుల్గరి ఆక్టో ఫినిస్సిమో: మెషీన్ 1.95, మొత్తం వాచీ 3.95 మి.మీ. అప్పటికి ప్రపంచంలో అన్ని ఆటోమేటిక్ వాచీల కంటే పల్చన అదే, టూర్‌బియాన్ ఉండి కూడా! ఇక్కడ వెనక నుంచి చూసినా పంజరానికి ఏదీ అడ్డురాదు.

ల బ్రాస్యూ వాళ్లు 2022లో తమ పాత సవాలుకే తిరిగొచ్చారు. 39 మి.మీ. రాయల్ ఓక్ జంబోలో ఫ్లయింగ్ (పై వంతెన లేని) టూర్‌బియాన్, కాలిబర్ 2968. మధ్యలో పూర్తి రోటరు, అయినా మెషీన్ 3.4 మి.మీ., వాచీ 8.1. ఈసారి కేసుని ప్లేటు చెయ్యలేదు, మెషీన్ విడిగా బయటికి వస్తుంది. రామారావు గారు సంతోషిస్తారు.

మెకానికల్ మూర్తి (సోమవారం, రాత్రి 8:00)

హసీనా గారి రెండో ప్రశ్నకి: హోసూరు టైటాన్ వాళ్లు 2025లో నెబ్యులా జల్సా అని ఫ్లయింగ్ టూర్‌బియాన్ విడుదల చేశారు. పదంటే పదే వాచీలు, ధర 40 లక్షల పైన. డయల్ మీద హవా మహల్ సూక్ష్మచిత్రం. ఫ్లయింగ్ అంటే పంజరానికి పై వంతెన ఉండదు, కింద నుంచే పట్టి ఉంచుతారు. ఆ పద్ధతి 1920లో జర్మనీలోని గ్లాష్యూటలో ఆల్ఫ్రెడ్ హెల్విగ్ పెట్టింది.

మన దగ్గర మెషీన్‌ని సొంతంగా చేసుకుని ఆ మెట్టు ఎక్కడం నాకు నిజంగా గర్వంగా ఉంది.

టైమ్‌గ్రాఫర్ తేజ (సోమవారం, రాత్రి 9:15)

ధర సంగతి వచ్చింది కాబట్టి 2016ని వదలకూడదు. టాగ్ హోయర్ ఆ ఏడాది కరేరా 02టీ తెచ్చింది: ఆటోమేటిక్, క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ), టూర్‌బియాన్, పైగా క్రోనోమీటర్ (కచ్చితత్వపు) సర్టిఫికెట్, 15,000 స్విస్ ఫ్రాంకుల లోపు. అప్పటిదాకా స్విస్ టూర్‌బియాన్ అంటే దీనికి ఎన్నో రెట్లు. టైటానియం, కార్బన్‌తో పంజరం చేసి, మిగతా మెషీన్ తమ మామూలు క్రోనోగ్రాఫ్ మీదే కట్టారు. చైనావాళ్లు అంతకు ముందే ఇంకా చాలా తక్కువకి టూర్‌బియాన్‌లు అమ్ముతున్నారు కానీ వాటిలో ఎక్కువ భాగం కీ ఇచ్చేవే. ఆటోమేటిక్‌ని స్విస్ కంపెనీయే కిందికి దించింది. నా దృష్టిలో 1986 తరవాత ముఖ్యమైన సంవత్సరం అదే. అరుదైనది కాబట్టి గొప్ప అనే మాటకి అక్కడ తెరపడింది, ఇక ఎలా చేశారన్నదే చూడాలి.

వాచీల రామారావు (మంగళవారం, ఉదయం 7:00)

తేజ బాబూ, ధర తగ్గడం మంచిదే. కానీ సర్వీసు ధర తగ్గదు. పంజరం విప్పి, కడిగి, నూనె పెట్టి, మళ్లీ బరువు సరిచూసి కూర్చోబెట్టడం రోజుల పని. ఎక్కువ భాగం వాచీలు స్విట్జర్లాండ్ పోయి రావాల్సిందే. కొనేవాళ్లు ఆ లెక్క ముందే వేసుకోండి.

కృష్ణలంక శేఖర్ (మంగళవారం, ఉదయం 8:30)

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. నా ప్రశ్నకి జవాబు దొరికింది: అబ్జర్వేటరీకి రోటరు అక్కర్లేదు, జనానికి టూర్‌బియాన్ అక్కర్లేదు, క్వార్ట్జ్ వచ్చి రెండిటినీ రోడ్డున పడేశాక కలిశాయి. చివరిగా ఒకటి. మా బంధువొకాయన దుబాయ్‌లో పాత 25643 కొనాలని చూస్తున్నారు. ఏం చూసుకోమనాలి?

శ్రీవల్లి జెనీవా (మంగళవారం, మధ్యాహ్నం 12:20)

ముందు వెనక భాగం చూసుకోమనండి. సొట్ట, పాలిష్ చేసి అరగదీసిన గుర్తు, ఏదున్నా వద్దు. రామారావు గారు చెప్పినట్టు అది మూత కాదు, ప్లేటు. తరవాత వాచీని మెల్లగా వంచి ఆరు గంటల చీలికలో సుత్తి రెండు చివర్లకీ ఆటంకం లేకుండా వెళ్తోందో లేదో చూడాలి. సర్వీసు కాగితాలు లేకపోతే ధర ఎంత తక్కువైనా ఆగమనండి. తయారీదారుడి ఆర్కైవ్ నుంచి ధ్రువపత్రం తెప్పించుకున్నాకే డబ్బు కట్టాలి.

వాచీల రామారావు (మంగళవారం, మధ్యాహ్నం 1:05)

కొన్నాక వర్షంలో, చేతులు కడిగే చోట పెట్టుకోవద్దని చెప్పండి శేఖర్. వెనక బిళ్ల తిప్పేటప్పుడు గోరు మాత్రమే వాడాలి, ఏ పనిముట్టూ తగలనివ్వకూడదు. డబ్బాలో పెట్టి తిప్పే మెషీన్ కూడా వద్దు. సుత్తి కొట్టుకునే స్ప్రింగులు అనవసరంగా అరుగుతాయి, ఆ స్ప్రింగు ఈరోజు బజారులో దొరకదు.

కృష్ణలంక శేఖర్ (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

ఇవన్నీ ఆయనకి పంపిస్తున్నాను. కొంటే వెనక భాగం ఫొటోలు ఇక్కడే పెడతాను మాస్టారూ, మీరు చూసి చెప్పాలి.